మనవాళ్ళింకా పోటీలోనే ఉన్నారు

కళ్ళద్దాల షాపాయనకి దూరపుచూపు బాగుంది, దగ్గరచూపూ బాగుంది. లేనిదల్లా ముందుచూపే. ఆ సంగతి ఆయనకి తప్ప వీధిలో అందరికీ తెలుసు. భార్యకైతే పెళ్ళయిన వారానికే తెలిసిపోయింది.

లేకపోతే బుద్ధున్న మగాడెవడైనా అలాంటి ఒప్పందం చేసుకుంటాడా, మీరే చెప్పండి.

సంగతేమిటంటే, ఆవిడ టైలరు. పడగ్గదిలో మంచానికీ బీరువాకీ మధ్య ఉన్న సందులో మిషను పెట్టుకుని, మంచం మీదే గుడ్డ పరిచి కత్తిరిస్తూ ఏడేళ్ళు నెట్టుకొచ్చింది. ఒకసారి జాకెట్టుతో పాటు దుప్పటి కూడా కత్తిరించేసింది. ఇప్పుడు స్కూలు వాళ్ళు అరవై నాలుగు యూనిఫాం చొక్కాలు కుట్టమన్నారు. నెలాఖరుకి ఇవ్వకపోతే ఆర్డరు పక్కవీధి టైలరుకి పోతుంది. మళ్ళీ జన్మలో రాదు. అన్ని చొక్కాలు కత్తిరించాలంటే పెద్ద బల్ల కావాలి, బల్ల వెయ్యాలంటే ముందుగది కావాలి.

ముందుగదిలో టీవీ ఉంది. టీవీలో ప్రపంచకప్పు ఫుట్‌బాల్ ఉంది. అందులో, చరిత్రలో మొట్టమొదటిసారి, మన జట్టు ఉంది.

"అయితే ఇలా చేద్దాం," అన్నాడాయన, రాజ్యం దానం చేస్తున్నవాడిలా. "మనవాళ్ళు పోటీలో ఉన్నన్నాళ్ళూ గది నాది. బయటికొచ్చిన రోజున నీది. బల్ల వేసుకో, దుకాణమే పెట్టుకో. మళ్ళీ మాట్లాడితే ఒట్టు."

"ఫైనల్ దాకా వెళ్తారాండీ?"

"వెళ్ళరని నువ్వెలా అంటావ్?"

"నేనెక్కడన్నానూ? అడిగానంతే. తమ్ముడూ, విన్నావుగా?"

పక్క వాటాలో ఉండే ఆవిడ తమ్ముడు, టౌను బస్సు కండక్టరు, తలూపాడు.

మొదటి మ్యాచ్ నాలుగు సున్నా. ఆ నాలుగూ అవతలివాళ్ళవి.

"అంత పెద్ద జట్టు తొంభై నిమిషాలు చెమటోడ్చి నాలుగంటే నాలుగే కొట్టింది. మన డిఫెన్సు ఎలాంటిదో చూడు!" అన్నాడాయన.

రెండో మ్యాచ్ మూడు సున్నా. "నాలుగు నుంచి మూడుకొచ్చాం, మెరుగుపడటమంటే ఇదే," అన్నాడు. ఆ మూడో గోలు మాత్రం భార్య గుమ్మంలో నిలబడినందుకే పడిందని తేల్చి, ఇకమీదట మ్యాచ్ జరుగుతుంటే గుమ్మంలోకి రావద్దని గట్టిగా చెప్పాడు. ఆవిడ సరేనని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మూడో మ్యాచ్ సాయంత్రం ఆరింటికి. ఆయన ఒళ్ళో ఉతికిన బట్టల గుట్ట పెట్టి, "చూస్తూ చూస్తూ మడతపెట్టండి," అందావిడ. అయిదు గోల్స్ పడ్డాయి మనకి. ఆయన ఒక్కో గోలుకీ ఒక్కో లుంగీ మడతపెట్టాడు. అప్పుడు, ఇంకో రెండు మూడు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా, మన పద్నాలుగో నంబరు కుర్రాడు ఎక్కడో గీత దగ్గర్నుంచి ఎడంకాలితో ఒక్కటి తన్నాడు. బంతి వెళ్ళి వలలో పడింది.

ప్రపంచకప్పులో మన దేశం కొట్టిన మొట్టమొదటి గోలు. కళ్ళద్దాల షాపాయన చేతిలో ఉన్న లంగాతో కళ్ళు తుడుచుకున్నాడు.

అంతలో ఈల మోగింది. ఆయనకి ఒప్పందం గుర్తొచ్చింది. మనవాళ్ళు ఇంటికి, బల్ల ముందుగదిలోకి. కప్పులో అసలు నాకౌట్ మ్యాచులన్నీ ఇంకా మిగిలున్నాయి.

"ఏమయిందండీ?" వంటింట్లోంచి కేక.

"గెలిచాం!" అనేశాడు.

నోరు జారడమంటే అదీ. జారిన నోటిని ఇంకెక్కడ పట్టుకుంటాం?

"నిజంగా? గెలిచినప్పుడు మీరేం చేస్తున్నారు?"

"బట్టలు మడతపెడుతున్నాను."

"అయితే ఇంకేం, ఇకనుంచి ఆ పని మీదే. నేను ముట్టుకుంటే జట్టుకి అరిష్టం. గుమ్మంలో నిలబడితేనే గోలు పడిందన్నారు కదా!"

తన సెంటిమెంటు తనకే అడ్డం తిరిగినా ఆయన పట్టించుకోలేదు. ముందు నోళ్ళు మూయించే పని ఉంది. మర్నాడు షాపులోంచి నల్ల కళ్ళద్దాలు తెచ్చి బావమరిది చేతిలో పెట్టాడు.

"ఏంటి బావా ఇది? మనవాళ్ళు ఓడిపోయారని ఓదార్పా?"

"ష్! ఓడిపోలేదు. మీ అక్క అడిగితే ఓడిపోలేదు."

ఎదురింట్లో ఉండే రిటైరైన లెక్కల మేష్టారు "పాపం, ఒక్క గోలు కొట్టారటగా" అంటూ పరామర్శకి రాబోతే, గుమ్మంలోనే ఆపి ఆయనకో చదువుకునే అద్దాల జత. పాలావిడ "మనోళ్ళు వచ్చేశారంట కదా అయ్యా" అనబోతే ఆవిడకో గోల్డు ఫ్రేము. పేపర్లో వెనక పేజీ పొద్దున్నే మాయం.

"వెనక పేజీ ఏదండీ?"

"అద్దాలు తుడవడానికి తీసుకెళ్ళాను. న్యూస్‌పేపరుతో తుడిస్తే మెరుస్తాయి."

"అలాగా. అన్నట్టు, మన వీధిలో ఒక్క వారంలో ఇంతమందికి చూపు తగ్గిందేమిటండీ? ఆ పాలావిడ అద్దాలు పెట్టుకుని పాలు కిందపోస్తోంది."

"వయసు," అన్నాడు. బావమరిదికి పాతికేళ్ళు.

తర్వాతి మ్యాచ్‌కి ఆవిడ బీన్స్ బుట్ట, కత్తిపీట తెచ్చి ఆయన ముందు పెట్టి, గుమ్మానికి ఇవతలే నిలబడి చూసింది.

"మనవాళ్ళది ఆకుపచ్చ చొక్కా కదండీ? ఇది నీలం."

"ఆకుపచ్చవి ఉతుకులో ఉన్నాయి."

"పదకొండూనా? అయినా మనవాళ్ళ చొక్కాకి కాలరుండేది. ఇది రౌండు మెడ, చంకలో వేరే ముక్క కూడా వేశారు."

"నువ్వు మెడలు చూడకు, ఆట చూడు!"

"సరే. మన గోల్‌కీపరుది బట్టతల కదూ?"

ఆయన టీవీ వంక చూశాడు. నీలం జట్టు గోల్‌కీపరు జుట్టు భుజాల దాకా ఉంది.

"విగ్గు," అన్నాడు నీరసంగా.

నీలం జట్టు గెలిచింది. బీన్స్ తరగడం ఆయన డ్యూటీ అయిపోయింది. క్వార్టర్ ఫైనల్లో ఆట పెనాల్టీల దాకా వెళ్ళి మళ్ళీ వాళ్ళే గెలిచారు; ఆ సమయానికి ఆయన బాత్రూం గచ్చు తోముతున్నాడు. "అమ్మో, అదే కలిసొచ్చింది!" అని ఆవిడ చీపురు ఆయనకే అంకితమిచ్చింది. షాపులో ఆయన చేతులు చూసి ఒక కస్టమరు, "మీరు ఇంతకుముందు మేస్త్రీ పని చేసేవారా?" అని అడిగాడు.

అదంతా ఆయన భరించాడు. భరించలేనిది వేరే ఉంది. ఆ గోలు. ఆ పద్నాలుగో నంబరు కుర్రాడి ఎడంకాలి గోలు గురించి నోరారా చెప్పుకోవడానికి మనిషి లేడు. ఇంట్లో చెప్తే మిగతా అయిదూ బయటపడతాయి. బయట చెబుదామంటే, వీధంతటికీ అద్దాలిచ్చి నోళ్ళు కుట్టేసింది తనే. పన్నెండు రోజులుగా ఆ గోలు మింగలేక కక్కలేక ఉన్నాడు.

సెమీ ఫైనల్ ఆదివారం మధ్యాహ్నం. బావమరిది నల్లద్దాలతో వచ్చి కూర్చున్నాడు. భార్య అందరికీ టీ ఇచ్చి, తను కూడా ఒక గ్లాసు పట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

"ఏమోగానండీ, మనవాళ్ళు సెమీస్‌కి వచ్చారంటే అదృష్టమే. ఆ మూడో మ్యాచ్‌లో పడిన గోలు కూడా గుడ్డిగోలేనటగా?"

కళ్ళద్దాల షాపాయన టీ గ్లాసు కింద పెట్టాడు. "ఎవరన్నారు?"

"ఎవరో అన్నార్లెండి. ఆ పద్నాలుగో నంబరు కుర్రాడికి ఆడటమే రాదట, ఏదో తన్నబోతే కాలు జారి తగిలిందట. అవతలి గోల్‌కీపరు నిద్రపోతున్నాడట."

"బావా, వద్దు," అన్నాడు బావమరిది, నల్లద్దాలు తీసి.

కానీ ఆయన అప్పటికే లేచి నిలబడ్డాడు. "కాలు జారిందా? ఎనభై ఏడో నిమిషం! అయిదు గోల్స్ తిని ఉన్నాం. ఇంకో జట్టయితే ఈల ఎప్పుడు మోగుతుందా అని చూస్తూ నిలబడేది. ఆ కుర్రాడు పరిగెట్టాడు! ఇద్దర్ని దాటాడు!"

"అయిదు తిన్నామా?" అందావిడ నెమ్మదిగా. "మరి గెలిచామన్నారు?"

అక్కడైనా ఆగాల్సింది. ఆగితే ఆయన కళ్ళద్దాల షాపాయన ఎందుకవుతాడు?

"ఓడిపోయాం! అయిదొకటితో ఓడిపోయాం! మూడుకి మూడూ ఓడి ఇంటికొచ్చేశారు, అయితే ఏంటి? మా నాన్న బతికున్నన్నాళ్ళూ మనవాళ్ళు ఆ మైదానంలో కాలు పెడితే చూడాలని కలవరించాడు. వెళ్ళారు, ఆడారు, ఒకటి కొట్టారు. నాకు ఆ ఒక్కటి చాలు. కప్పు ఎవడు కొట్టుకుపోతే నాకేం? ఆ నీలంచొక్కాల వాళ్ళు మనవాళ్ళని చెప్పుకోవాల్సి వచ్చినందుకు నామీద నాకే అసహ్యంగా ఉంది!"

టీవీలో నీలం జట్టు గోలు కొట్టింది. ఎవరూ చూడలేదు.

"తమ్ముడూ," అందావిడ గ్లాసు పక్కన పెట్టి, "బల్ల ఆ చివర పట్టుకో."

పది నిమిషాల్లో ముందుగది టైలరింగ్ షాపయింది. టీవీ పడగ్గదిలో మంచానికీ బీరువాకీ మధ్య సందులోకి వెళ్ళింది. సోఫా మీద తెల్లగుడ్డ తాన్లు మూడు దిగాయి.

ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "నీకు ఎప్పుడు తెలిసింది?"

"మీకు తెలిసినప్పుడే."

"మరి అప్పుడే అడగొచ్చుగా గది?"

"గుడ్డ నిన్ననేగా వచ్చింది. అందాకా బల్ల వేసుకుని నేనేం చేస్తాను? ఈలోగా ఇల్లు శుభ్రపడింది." ఆవిడ మార్కింగ్ సుద్ద ముక్క తీసి గుడ్డ మీద గీత గీసింది. "అన్నట్టు, ఎనభై ఏడు కాదు. ఎనభై ఎనిమిదో నిమిషం."

ఆయన తలెత్తాడు.

"గుమ్మంలోకి రావద్దన్నారు కదా, వంటింట్లో కూర్చుని వీడి ఫోన్లో చూశాను. దాటింది ఇద్దర్ని కాదు, ముగ్గుర్ని. మూడోవాడు కిందపడటం రీప్లేలో చూపించారు, మీరు అప్పటికే కళ్ళు తుడుచుకుంటున్నారు, తలుపు సందులోంచి చూశాను. నేనూ ఏడ్చాను, ఆ లంగా మీ దగ్గరుండిపోయింది గానీ."

పన్నెండు రోజులు! వంటింట్లోనే ఒక మనిషి ఉంది ఆ గోలు గురించి మాట్లాడటానికి, తను మాత్రం పాలావిడకి గోల్డు ఫ్రేము ఇచ్చి వచ్చాడు.

"మూడోవాడు పడ్డాడా? ఎలా పడ్డాడు? మొదట్నుంచి చెప్పు."

"చెప్తాను. ముందు ఈ గుడ్డ చివర పట్టుకోండి. బిగించి. వంకర పోనివ్వకండి."

ఆయన పట్టుకున్నాడు. ఆవిడ కత్తెర అందుకుని, బంతి మన సగంలో ఉన్న దగ్గర్నుంచి మొదలుపెట్టింది. అరవై నాలుగు చొక్కాల గుడ్డ కత్తిరించడం పూర్తయ్యేసరికి మన దేశం అదే గోలు పదకొండుసార్లు కొట్టింది.