చూడదగ్గ ఇల్లు

సముద్రతీరపు ఊరు చూడ్డానికి వచ్చిన ఆఖరి రోజు పొద్దున్నే ఏదైనా మ్యూజియం చూడాలని కళ్ళజోళ్ళ దుకాణదారు నిర్ణయించాడు. మధ్యాహ్నం బస్సెక్కేలోగా ఒక్కసారి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుందామని ఆయన భార్య కోరిక. సముద్రం ఎక్కడైనా ఉప్పగానే ఉంటుందనీ, మన దేశ సంస్కృతి తెలియాలంటే పాత ఇళ్ళే చూడాలనీ ఆయన తేల్చేశాడు. ఊరందరి చూపూ సరిచేసే మనిషితో ఏం చూడాలన్న వాదన దేనికని ఆవిడ ఎప్పటిలాగే సరేనంది.

బయట పొగమంచు ఇంకా విడలేదు. ఊరు సగం నిద్రలోనే ఉంది. ఏ వీధిలోకి తిరిగినా పక్క వీధిలోనే అల విరిగినట్టు వినిపిస్తోంది, తీరా వెళ్తే మరో వీధి. అలా తిరిగి తిరిగి నీలిరంగు తలుపుల ఇంటి ముందు ఆగారు. గేటు మీద బోర్డు ఉంది: 'పాత ఇల్లు. లోపలికి వచ్చి చూడవచ్చు.' మధ్యలో 'అమ్మబడును' అనే ముక్క కూడా ఉంది గానీ, దాని మీదికి పూలతీగ పాకింది.

"చూశావా, మ్యూజియమే మనల్ని వెతుక్కుంటూ వచ్చింది," అన్నాడు దుకాణదారు.

ఇంటాయన గడియారాలు బాగుచేసేవాడు. వానాకాలమంతా కారే గదిలో గిన్నెలు మార్చలేక విసిగిపోయి, ఇల్లు అమ్మేసి సిటీలో ఫ్లాటు కొంటానని పట్టుబట్టి కూర్చున్నాడు. బేరం వచ్చిందని మురిసిపోతూ ఎదురొచ్చి, భార్యను టీ పెట్టమన్నాడు. ఆవిడ టీ అయితే పెట్టింది గానీ, ఇల్లు ఎలాగైనా దక్కించుకోవాలని వెంటే తిరుగుతూ లోపాలు ఏకరువు పెట్టసాగింది. ఉప్పుగాలికి తలుపులు బిగుసుకుపోతాయంది. మెట్లు కిర్రుమంటాయంది. ఒక గది కారుతుందని కూడా అనేసింది.

చిక్కేమిటంటే, దుకాణదారుకి ఆ లోపాలే నచ్చాయి. మెట్లెక్కి, దిగి, మళ్ళీ ఎక్కి, కళ్ళు మూసుకుని ఆ చప్పుడు విన్నాడు. కారే గది చూడందే కదలనన్నాడు. చూశాక ఇలాంటిది ఎక్కడా లేదన్నాడు. ఇంటాయన మొహం వెలిగిపోయింది, ఇంటావిడ మొహం వాడిపోయింది.

ఆడవాళ్ళిద్దరూ టీ కప్పులతో పెరటి వసారాలోకి వెళ్ళారు. మెట్లు దిగితే సముద్రమే. పొగమంచులోంచి అల వచ్చి, ఎవరికీ మెలకువ రాకూడదన్నట్టు మెల్లగా వెనక్కి పోతోంది. దుకాణదారు భార్య టీ తాగడం మరిచిపోయింది.

"నిజం చెప్పండి వదినగారూ, కొనేస్తారా?" అంది ఇంటావిడ. "పొద్దున్నే ఈ మెట్టు మీద కూర్చోకపోతే నాకు తెల్లారినట్టే ఉండదు. అక్కడ మూడో అంతస్తులో ఏం చూస్తూ కూర్చోను?"

కొనడమేమిటో దుకాణదారు భార్యకి అర్థమవడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వూ సిగ్గూ ఒక్కసారే వచ్చాయి. భర్తకి చెబుదామని లోపలికి వెళ్ళేసరికి అసలు బేరగాడు దిగాడు. ఇల్లు కొని లాడ్జీ చేద్దామని మాట ఖాయం చేసుకోవడానికి వచ్చిన పెద్దమనిషి ఆయన. కారే గది సంగతి ఆయన దగ్గర ఇంటాయన ఇంతవరకూ దాచాడు. ఇంటావిడ గోడకి ఆనుకుని నిలబడిపోయింది. దుకాణదారు భార్య ఆవిడ వంక చూసి, భర్త వైపు తిరిగింది.

"ఏమండీ, వీరూ ఇల్లు చూడ్డానికే వచ్చారట. ఆ కారే గది మీరే దగ్గరుండి చూపించండి."

పెళ్ళయ్యాక మొదటిసారి భార్య తన పాండిత్యాన్ని గుర్తించిందని దుకాణదారు ఉబ్బిపోయాడు. ఇంటాయన వెనకనుంచి వద్దు వద్దని సైగలు చేస్తే, మొహమాటం కాబోలనుకున్నాడు. లాడ్జీ ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు.

"ఇది నిన్నమొన్నటి కారడం కాదండీ. వీళ్ళ తాతగారి నాటి నుంచీ ఉండాలి. గోడ ఎంత చక్కగా నానిందో చెయ్యి పెట్టి చూడండి."

ఆయన చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత టీ కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు.

ఇంటాయన తల పట్టుకుని గుమ్మంలో కూలబడ్డాడు. ఇంక ఇంటి పైకప్పు బాగుచేయించక తప్పదని భార్య ఆయనతో మెత్తగా చెప్పి, వచ్చి దుకాణదారు భార్య చేతులు రెండూ పట్టుకుంది. బస్సు వేళ దాకా ఇద్దరూ ఆఖరి మెట్టు మీద నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. దుకాణదారు భార్య అంత హాయిగా ఎన్నడూ లేదు.

భర్తకి ఆవిడ ఇప్పటికీ ఏమీ చెప్పలేదు. సముద్రతీరపు ఊళ్ళలో అతిథి వెళ్ళొస్తానంటే ఇంటి యజమాని గుమ్మంలో కూలబడి తల పట్టుకోవడం ప్రాచీన ఆచారమని ఆయన దుకాణానికి వచ్చిన వాళ్ళందరికీ చెబుతుంటాడు.