చెత్తలో పోయిన ఒకటి

ఆ ఉదయం సింగపూర్‌లో, టోవా పాయో ఫ్లాట్‌లో ఉప్మా తింటూనే రంగనాథ్ తేల్చేసుకున్నాడు, ఇవాళ ఆఫీసు కోడ్ శుభ్రం చేసిపారెయ్యాలని. కాంట్రాక్టు పొడిగిస్తారో, ఇంటికి విమానం ఎక్కిస్తారో సాయంత్రం మేనేజర్ చాముండేశ్వరి చెబుతుంది. ఈలోగా ఏదో ఒకటి పొడిచినట్టు కనబడాలి గదా. రెండువేల సంవత్సరం అది. పెర్ల్ అనే కంప్యూటర్ భాష పేరు పలికితే చాలు ఉద్యోగం. నేర్చుకునే తీరిక మాత్రం ఎవడికీ లేదు.

ఓడల్లో సరుకు పంపే కంపెనీ. స్క్రిప్టులన్నిటికీ కావలసిన పనుల్ని పక్కసీటు భరద్వాజ్ ఏనాడో ఒకే మాడ్యూల్లో పెట్టాడు. ప్రతి స్క్రిప్టూ లేవగానే దాన్నే పిలుచుకుంటుంది. రంగనాథ్ దాన్ని తెరిచి ఖాళీ వరుసలు తీశాడు. అట్టడుగున దిక్కూమొక్కూ లేకుండా ‘1;’ అని పడుంది. ఎవడి చెయ్యో తగిలి పడిందనుకుని దాన్నీ ఊడ్చేశాడు.

ఆ తర్వాత ఒక్క స్క్రిప్టూ లేవలేదు.

భరద్వాజ్ వచ్చి, ఎర్రర్ చదవకుండానే, మాడ్యూల్ దొరక్క ఏడుస్తోందని తీర్పిచ్చాడు. తన పాత కాపీ ఉన్న ఫోల్డర్లో ముందు వెతికేలా మార్చాడు. అన్నీ లేచాయి. ఇద్దరూ నిశ్చింతగా మకాన్‌కి, అదే అక్కడి మాటలో భోజనానికి, పోయారు. ఆ పాత కాపీ పరీక్షల కోసం రాసుకున్నది, ఏ మెయిలైనా ఒక్క చిరునామాకే పంపుతుంది. ఆ చిరునామా చాముండేశ్వరిది. క్లయింట్లకి పోవలసిన, రేవులో ఉన్న కంటైనర్ల కబుర్లన్నీ ఆవిడ నెత్తిన దిగాయి.

తిరిగొచ్చి పాత కాపీ పీకేస్తే కథ మళ్లీ మొదటికొచ్చింది. ఎర్రర్ చదవాలన్న బుద్ధి అప్పటికి పుట్టింది. మాడ్యూల్ చివర సున్నా కాని విలువేదో ఉండితీరాలట, లేకపోతే పెర్ల్ దాన్ని ఒప్పుకోదట.

"ఆ ఒకటి తీసింది నువ్వా?"

"చెత్తనుకున్నాన్రా."

"మళ్లీ పెట్టి చావు."

రంగనాథ్ ఆగాడు. ఒంటి ఒకటి పెడితే రేపింకో తెలివైనవాడు ఊడ్చేస్తాడు. చూస్తే తియ్యబుద్ధి కాని అంకె కావాలి. ‘1116;’ అని కొట్టాడు. అన్నీ లేచి కూర్చున్నాయి.

వెనక చాముండేశ్వరి నిలబడుంది.

"ఇదేంటయ్యా, ప్రోగ్రాముకి చదివింపులా?"

"చివర సున్నా పెడితే ఒప్పుకోదు మేడమ్."

"మా పెద్దమ్మా అంతే."

ఆవిడ వచ్చింది అతణ్ని పంపించెయ్యడానికే. తెరమీద అంకె చూసి లెక్కేసుకుంది. వీడు పోతే ఆ అంకె ఎందుకుందో క్లయింటుకి చెప్పే బాధ తన మీద పడుతుంది. ఇంకో ఏడాది ఉండమంది, మిగతా మాడ్యూళ్లకీ అదే పెట్టమంది.

ఆ ఏడాది తిరిగేలోగా డాట్‌కామ్ బూమ్ పోయింది, ఖర్చులు తగ్గించమని పైనుంచి హుకుం వచ్చింది. భరద్వాజ్ అన్ని మాడ్యూళ్లలోనూ 1116 తీసి 116 పెట్టాడు.