అడిగి తీసుకున్న కోటు

వీధిలో అందరూ ఆమెను కత్తెరమ్మ అంటారు. కాస్త పాతబడ్డ గుడ్డ కనబడితే చాలు, ఆవిడ చెయ్యి ఊరుకోదు. ఆ ఇంట్లో కర్టెన్లు గౌన్లయ్యాయి, దుప్పట్లు సంచులయ్యాయి. కొత్త గుడ్డ జోలికి పోకుండా, ఎవరి ఉసురూ పోసుకోకుండా బట్టలు కుట్టి అమ్మాలని ఆవిడ పంతం. మాట గొప్పదే. ఉసూరుమంటున్నది మాత్రం ఇంట్లోవాళ్లు.

ఆ ఉదయం ఆమె పథకం చాలా చిన్నది. ముందుగది ఊడ్చి, కుట్టుమిషన్ల మధ్య నిలబెట్టిన బొమ్మకు కొత్త కోటు తొడిగి, పెద్ద బట్టల షాపు నుంచి తనిఖీకి వచ్చే మేడమ్‌కు చూపించి ఆర్డరు పట్టాలి. ఇది తప్పిపోతే అద్దె మిషన్లు వెనక్కిచ్చేసి తట్టాబుట్టా సర్దుకోవాల్సిందే. కోటు మాత్రం దివ్యంగా కుదిరింది. బీరువా అడుగున పడివున్న మొగుడి పెళ్లి సూటు విప్పి, పక్కల్లో పాత సోఫా కవరు అతికి కుట్టింది. మొగుణ్ణి అడగలేదు. పెళ్లయ్యాక ఆ సూటు ఆయన పొట్టకు పట్టిందే లేదు, ఇంక అడిగేదేమిటనుకుంది.

మేడమ్ వచ్చింది. కోటును లోపలా బయటా తిప్పి చూసి మురిసిపోయింది.

"చాలా బాగుందండీ. అయితే మా షాపుకో నియమం ఉంది. ఏ గుడ్డయినా సొంతదారు మనసారా ఇచ్చిందై ఉండాలి. ఆ మాట వాళ్ల నోటే వినాలి. ఈ సూటు ఎవరిది?"

"మా ఆయనదండీ."

"ఒకసారి పిలవండి."

అదృష్టం కొద్దీ ఆ మహానుభావుడు ఇంట్లో లేడు.

"ఆయన లేరండీ" అంది, గొంతు తగ్గించి.

మేడమ్ కళ్లజోడు తీసింది. "అయ్యో! ఎప్పుడు?"

"ఈ పొద్దున్నేనండీ."

"ఈ పొద్దున్నా! ఎలా?"

"ఏం చెప్పమంటారు? నేను లేచి చూసేసరికి వెళ్లిపోయారు. చెప్పాపెట్టకుండా."

మేడమ్ కుర్చీలో కూలబడింది. ఆవిడ కళ్లలో నీళ్లు చూశాక గానీ తానేమన్నదో కత్తెరమ్మ బుర్రకెక్కలేదు. నాలిక కరుచుకుని, "కాదండీ, అసలు సంగతేమిటంటే" అని మొదలుపెట్టింది.

"పోయినవాళ్ల బట్టలైతే ఇంట్లోవాళ్ల మాట చాలమ్మా" అనేసింది మేడమ్.

కత్తెరమ్మ నోరు టక్కున మూతపడింది. తప్పని తెలుసు, సిగ్గూ వేసింది. అయినా ఆర్డరు ఆర్డరే. చేతికందిన గుడ్డపేలికతో కళ్లు ఒత్తుకుంది.

అంతలో అత్తగారు కాఫీ పట్టుకొచ్చింది. మేడమ్ లేచి, గ్లాసుతో సహా ఆవిడ చేతులు పట్టుకుంది.

"మీ అబ్బాయి సంగతి ఇప్పుడే విన్నానమ్మా. గుండె దిటవు చేసుకోండి."

"దిటవేమిటి నా మొహం! చిన్నప్పట్నుంచీ వాడంతే, ఒకరి మాట వింటేనా? ఖాళీ కడుపుతో పోయాడు. వాడి టిఫిను చల్లారిపోతోంది, మీరు తినేద్దురూ?"

"అత్తయ్యగారు షాక్‌లో ఉన్నారండీ" అని మేడమ్ చెవిలో ఊది, కత్తెరమ్మ అత్తగారిని వంటింటివైపు నెట్టింది.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు తోసుకుని పోయినాయన వచ్చాడు. నున్నగా క్షవరం, నోట ఈలపాట.

"ఏమేవ్, సాయంత్రం ఆఫీసులో నాకు సన్మానమట! నా పెళ్లి సూటెక్కడ?" అంటూనే బొమ్మను చూసి కొయ్యబారిపోయాడు. "ఓసి నీ కత్తెర మండా! అది నా సూటు కదూ?"

మేడమ్ గోడకు అతుక్కుపోయింది. "ఈయనెవరు?"

"మా ఆయనండీ."

"పొద్దున్నే పోయారన్నారు!"

"క్షవరానికండీ."

మేడమ్ మొహం కందగడ్డయింది. "నన్నింత వెర్రిదాన్ని చేస్తారా? సరే, సొంతదారు బతికే ఉన్నారుగా. చెప్పండి సార్, ఈ సూటు మీరు మనసారా ఇచ్చారా?"

కత్తెరమ్మ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మొగుడి వంక చూసింది. కాపురానికొచ్చాక ఆయన్ని అంత బేలగా చూడడం అదే మొదలు.

ఆయన బొమ్మ ఒంటిమీంచి కోటు విసురుగా లాగి తొడుక్కున్నాడు. బొత్తాలు పడ్డాయి. అన్నీ పడ్డాయి. ఊపిరి బిగబట్టాల్సిన పనే లేకపోయింది. అద్దం ముందు ఇటు తిరిగాడు, అటు తిరిగాడు, పొట్ట నిమురుకున్నాడు.

"మనసారానా? వద్దంటున్నా వినకుండా చేతిలో పెట్టానండీ!" అన్నాడు.

పచ్చి అబద్ధమని మేడమ్‌కు తెలుస్తూనే ఉంది. కానీ సొంతదారు నోట వినాలన్నది నియమం, వినడం అయింది. పైగా కోటు ఆయన ఒంటిమీద మెరిసిపోతోంది.

"సరే, ఆర్డరు మీకే. శాంపుల్ ఇప్పుడే షాపులో పెట్టాలి. ఆ కోటు విప్పండి."

"విప్పను. ఇచ్చానన్నది సూటు. కోటిస్తానని ఎవరన్నారు?"

కత్తెరమ్మ బతిమాలింది. అత్తగారు తిట్టిపోసింది. మేడమ్ మర్యాద మరిచి చెయ్యి పట్టి లాగింది. ఆయన రెండు చేతులా బొత్తాలు పట్టుకుని సోఫాలో కూర్చున్నాడు.

మధ్యాహ్నానికల్లా శాంపుల్ షాపు అద్దాల వెనక నిలబడింది, లోపల మొగుడితో సహా.