మొలక శిరస్త్రాణ విమోచనం

శిశిరం సామాను సర్దుకొని కూడా గడప దాటనని మొండికేస్తూండగా, వసంతం వీధి మొగలో నిలబడి లోపలికి రావాలా వద్దా అని మీనమేషాలు లెక్కపెడుతూండగా, ఉదయం స్వెట్టరు తొడుక్కొన్నవాడు మధ్యాహ్నానికి దాన్ని చంకన పెట్టుకొని తనను తానే తిట్టుకొంటూ నడిచే ఆ ఉభయభ్రష్ట ఋతుసంధిలో, మూడంతస్తుల మేడలో నడిమి అంతస్తున, తూర్పుముఖంగా ఉన్న ఏకైక గవాక్షం సాక్షిగా, బీజకులోద్ధరణ మహాసంగ్రామం ఒకటి జరిగింది. ఏ దేవత పాత గుడ్ల అట్టలనూ అడుగున చిల్లు పొడిచిన ప్లాస్టిక్ గ్లాసులనూ పరిపాలిస్తూ ఉంటుందో, ఆ దేవతకు ముందుగా ఒక నమస్కారం పెట్టి ఆ యుద్ధవృత్తాంతం చెబుతాను. వినేవాళ్లు నవ్వకూడదు. నవ్వితే నాకేమీ అభ్యంతరం లేదు గానీ కథానాయకుడు నొచ్చుకొంటాడు.

ఆ కథానాయకుడు వృత్తిరీత్యా తాళాల మేస్త్రి. పదిమంది మేస్త్రుల్లో ఒకడనుకొంటే పొరపాటు. కవాటహృదయవేది, కుంచికాశిల్పచక్రవర్తి, పోగొట్టుకొన్న తాళంచెవుల పాలిటి ఆపద్బాంధవుడు. సొంత యజమానికే లొంగని ఇనప్పెట్టె ఆయన చెవి ఆనించగానే గుట్టంతా కక్కేసేది. గడియ ఇరుక్కుపోయి స్నానాలగదిలో బందీలైన పెద్దమనుషులకు మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు వినగానే ప్రాణం లేచివచ్చేది. ఆయన హస్తవాసి మంచిదని వీధి వీధంతా చెప్పుకొనేది. ఆ హస్తవాసి మట్టి జోలికి వచ్చేసరికి మాత్రం ఎటు పోయేదో తెలియదు. ఏటా చలి తగ్గుముఖం పట్టగానే ఆయన విత్తనాలు తెచ్చేవాడు, ఏటా వాటిని భూస్థాపితం చేసేవాడు, ఏటా అవి అక్కడే ఉండిపోయేవి.

ఈసారి అలా కాదన్నాడు. పుష్పసేనకు బంతి, ఓషధిసేనకు కొత్తిమీర, లతాసేనకు పొట్లం మీద నీలిపూల బొమ్మ ఉన్న ఏదో తీగ. ఇలా త్రివిధ బీజసేనలను సమకూర్చుకొని, వాటిని నిలపడానికి తగిన రణభూమి కోసం ఇల్లంతా కలియజూశాడు. సరైన ఎండ పడేది ఒక్క ముందుగది కిటికీలోనే. అక్కడ అప్పటికే ఒక సామ్రాజ్యం ఉంది. అది ఆయన భార్యది. ఆవిడ దర్జీ. కాపురానికి వచ్చిన నాటినుంచి ఆవిడ కుట్టుమిషను ఆ వెలుతురులోనే నడిచింది. మేస్త్రి సంధి రాయబారం నడిపాడు, అంటే బతిమాలాడు. నాలుగు రోజుల ముచ్చటే గదా అనుకొని ఆవిడ సరేనంది, మిషను వెనకగదిలోకి వెళ్లింది. అక్కడి ట్యూబులైటు వెలగాలా మానాలా అని చాలాసేపు కొట్టుకొని, చివరికి వెలిగినా ఎవరికో మొహమాటపడి వెలుగుతున్నట్టే ఉంటుంది.

తర్వాత జరిగిన సంహారాన్ని వర్ణించడానికి నాకు నోరు రాదు గానీ, వర్ణించకపోతే ఇక నేనెందుకు. గుడ్ల అట్టల్లో నాటిన బంతిసేన ప్రేమకు బలైపోయింది. దుకాణానికి వెళ్తూ నీళ్లు, తిరిగి వస్తూ నీళ్లు, మధ్యలో గుర్తొచ్చినప్పుడల్లా నీళ్లు; ఆ అనవరత జలధారావర్షానికి సుకుమార కాండాలు మట్టి దగ్గర దారప్పోగుల్లా సన్నబడి, ఒకటి ఒరిగిందని రెండోది, రెండోది ఒరిగిందని మూడోది, యావత్తు సేనా నేలకొరిగింది. కొత్తిమీరసేనను వెచ్చదనం కోసం ఫ్రిజ్ నెత్తిన ఎక్కించి, పైన అట్ట కప్పి, ఆ సంగతే మరిచిపోయాడు. అట్ట తీసి చూసేసరికి ఆ చీకట్లో మొలకలన్నీ పాలిపోయి, పొడుగ్గా సాగి, ఒకదాని మీద ఒకటి వాలి పడుకొని ఉన్నాయి. పై అంతస్తులో ఉండే ఆయన బావమరిది అంబులెన్సు నడుపుతాడు. సాయంత్రం పూట టీ గ్లాసు పట్టుకొని దిగివచ్చి క్షతగాత్రులను పరామర్శించడం అప్పటికే అలవాటు చేసుకొన్నాడు. ఆ వేళ కూడా వంగి చూసి, టీ ఊదుకొంటూ తీర్పు చెప్పాడు.

“ఇది నా బండి ఎక్కే కేసు కాదు బావా.”

మిగిలింది లతాసేన. ఈ విత్తనాలకు పెంకు గట్టిది, కాస్త అరగదీసి, నానబెట్టి నాటండి అని పొట్లం మీద రాసి ఉంది. అరగదీయమని చెప్పింది ఎవరికి, తాళాల మేస్త్రికి. ఆయన వీరావేశపరవశుడై నల్లని బీజయోధుణ్ణి వైస్ దవడల మధ్య బిగించి ఆకురాయి అందుకొన్నాడు. పొట్లం కాస్త అంది. కానీ ఆయన వృత్తిధర్మంలో కాస్త అనే మాటే లేదు. సగం అరగదీసిన తాళంచెవి ఏ తలుపూ తీయదు. అందుచేత ఒక పక్క అరగదీసి, రెండో పక్క దానికి సరిపోలేదని అదీ అరగదీసి, అంచులు గుండ్రం చేసి, భూతద్దంలో చూసి, గీతలు కనిపిస్తే సన్న ఆకురాయితో నునుపు పట్టి, అద్భుతమైన పనితనంతో విత్తనం తర్వాత విత్తనాన్ని చంపేశాడు. లోపల మొలక కావలసింది పొడైపోయి బల్ల మీద రాలింది. ఆఖరి విత్తనం ఒక్కటీ మొదటి గీటుకే వైస్‌లోంచి జారి ఎక్కడో మూలకు దొర్లింది. దాన్ని వెతికి పట్టుకొనేసరికి ఆయనకు ఓపిక అయిపోయింది. పని సరిగా కాలేదని నొచ్చుకొంటూనే దాన్ని నానబెట్టి ఒక ప్లాస్టిక్ గ్లాసులో నాటాడు. పని సరిగా కాకపోవడం వల్లనే అది బతికింది.

ఇంతలో వెనకగదిలో ఘోరం జరిగింది. ఆ గుడ్డి వెలుతురులో ఆవిడ ఒకాయన నేవీబ్లూ ప్యాంటును నల్లదారంతో కుట్టేసింది. ఆయన వీధిలోకి వెళ్లి ఎండలో చూసుకొని, వెనక్కి తెచ్చి, ఏమీ అనకుండా బల్ల మీద పెట్టి వెళ్లాడు. నాలుగు మాటలు అని ఉంటే నయంగా ఉండేది. ఇన్నేళ్లలో ఆవిడ చేతి పని ఒక్కటీ తిరిగి రాలేదు. కుట్లన్నీ విప్పుతూ కూర్చుంటే కళ్లు మండాయి, కళ్లకంటే ఎక్కువ కడుపు మండింది. లేచి వచ్చి, ఖాళీ గుడ్ల అట్టల మధ్య ఒంటరిగా ఉన్న ప్లాస్టిక్ గ్లాసు ముందు నిలబడింది.

“ఆదివారం పొద్దున దాకా చూస్తానండీ. అందులోంచి ఏదైనా వచ్చి రెండాకులు విప్పుకుందా, కిటికీ మీరే ఉంచుకోండి, నేను నోరెత్తను. లేదంటే ఈ చెత్తంతా పోయి నా మిషను ఇక్కడికొస్తుంది. ఇంకెప్పుడూ ఈ ఇంట్లో విత్తనాల మాట ఎత్తకూడదు.”

అప్పుడా మహావీరుడు ప్రళయమేఘగంభీరస్వరంతో, ఓ సూచీధారిణీ, సహస్రకవాటవిజేతనైన నా హస్తాలనే శంకించితివా, ఆదిత్యుడు ఈ గవాక్షాన్ని తాకిన ఉత్తరక్షణమే మృత్తికాగర్భాన్ని భేదించుకొని లతాకుమారుడు హరితపతాకద్వయం ఎగరవేయకున్నచో నేనిక ఆకురాయి పట్టనే పట్టను, అని దిక్కులు దద్దరిల్లేలా ప్రతిజ్ఞ చేశాడని చెప్పాలని నాకు నోరు ఊరుతోంది. నిజానికి ఆయన “సర్లే, చూద్దాం” అన్నాడు.

చూడడం మాత్రం చూశాడు. టీ తాగుతూ చూశాడు, పళ్లు తోముకొంటూ చూశాడు, దుకాణంలో ఎవరి తాళమో అరచేతిలో పెట్టుకొని ఇంట్లో గ్లాసునే తలచుకొన్నాడు. నేను ఎంత వెక్కిరించినా ఒక్క మాట ఒప్పుకోవాలి. ఊళ్లో ఏ తలుపు తీసినా అవతల ఉండేది ఇంకొకరి ఇల్లు. ఒక్కటైనా తన చేతి మీదుగా లేచి, తన ఇంట్లో బతకాలని ఆయనకు నిజంగానే ఆశగా ఉండేది. ఆ ఆశ సంగతి ఎవరికీ చెప్పుకోలేక కిటికీ కోసం పోట్లాడుతున్నట్టు నటించేవాడు.

శనివారం మట్టి పగిలింది. వంచిన మెడ ఒకటి పైకి వచ్చింది. ఆదివారం తెల్లవారేసరికి ఆ లతాకుమారుడు పాదాలు మట్టిలో నాటుకొని, కటి నిటారుగా నిలిపి, అహో, యుద్ధసన్నద్ధుడై నిలబడి ఉన్నాడు. నెత్తిన మాత్రం విత్తనపు పెంకు నల్లని శిరస్త్రాణంలా బిగుసుకుపోయి ఉంది. ఆకులు రెండూ దాని లోపల ముడుచుకొని ఉన్నాయి. అవి విప్పుకోవాలంటే పెంకు ఊడాలి, పెంకును తోయాలంటే ఆకులు విప్పుకోవాలి. న్యాయనిర్ణేత హోదాలో టీ గ్లాసుతో దిగివచ్చిన బావమరిది మొలకను ఎగాదిగా చూశాడు.

“ఆకులేవి బావా? ఇదేదో హెల్మెట్ పెట్టుకుని ఎటో బయల్దేరినట్టుందే.”

మేస్త్రి రంగంలోకి దిగాడు. తాళాల సంచి దింపి, బల్ల మీద గుడ్డ పరిచి, తన జీవితంలో ఏ ఇనప్పెట్టెకూ చూపించని గౌరవంతో ఆయుధాలను బారులు తీర్చాడు. ఆపైన దుర్భేద్యదుర్గశతభేదనోద్దండుడైన ఆ వీరుడు, కంట భూతద్దం బిగించి, ఊపిరి బిగపట్టి, వెంట్రుకకంటె సన్నని కొక్కెంతో పెంకు అంచున సందు వెతకగా సందు దొరక్కపోవడంతో, పట్టకారు అందుకొని శిరస్త్రాణాన్ని ఇరువైపులా పట్టి పైకి లాగబోగా, శిరస్త్రాణంతోపాటు శిరస్సూ, శిరస్సుతోపాటు కంఠమూ సాగి, మొలక మొత్తం మట్టిలోంచి కదిలింది. ఆయన చప్పున వదిలేశాడు. మళ్లీ పట్టబోయాడు. ఈసారి పట్టకారు మొలక దాకా పోకుండానే ఆగింది. ఎవరెవరి తలుపుల ముందో, ఎంతమంది నెత్తిన నిలబడి తొందరపెట్టినా వెనక్కి తగ్గని చెయ్యి, గ్లాసులో వేలెడు మొలక ముందు వెనక్కి తగ్గింది. పట్టకారు కింద పెట్టేశాడు.

“నావల్ల కాదు. తెగిపోతుంది” అన్నాడు.

ఆ మాట అనేటప్పటికి ఆయన భార్య గుమ్మంలోనే ఉంది. మిషను తెచ్చుకొందామని వచ్చింది. చేతిలో సూది, దారం, మెడలో టేపు. గెలుపు ఆవిడదే, నోరు మూసుకొని ఇంకో గంట నిలబడితే చాలు. ఆవిడ భర్త చేతిని చూసింది, గ్లాసును చూసింది. సూది చీరకు గుచ్చుకొని, దారం ఎక్కించే ముందు కొసను నోట్లో తడుపుకొన్నట్టే చూపుడువేలు నాలుకకు అద్దుకొని, ఆ ఉమ్మి తడిని పెంకు మీద పెట్టింది. కాసేపు ఆగింది. మళ్లీ తడిపింది. ఏ పురాణంలోనూ ఇలాంటి దివ్యాస్త్రం నాకు తగల్లేదు. తమ్ముడికి మాత్రం అక్క అన్యాయమైపోతోందనిపించింది.

“అక్కా, ఊరుకుంటే కిటికీ నీదే కదా. నువ్వెందుకు మధ్యలో?”

“దానికి ఊపిరాడట్లేదురా. ముందు అది చూడనీ.”

మూడోసారి తడిపాక పెంకు మెత్తబడింది. ఆవిడ రెండు వేళ్లతో పట్టుకొని, లాగకుండా, కొత్త గుడ్డ మీద పోగు తీసినట్టు పక్కకు జార్చింది. వచ్చేసింది. లోపలి ఆకులు నలిగి, తడిగా, ఒకదానికొకటి అతుక్కొని ఉన్నాయి. ముగ్గురూ వాటినే చూస్తూ నిలబడ్డారు. బావమరిది టీ చల్లారింది. ఎండ కిటికీ చట్రం దాటి గ్లాసు మీదికి వచ్చేసరికి ఒక ఆకు కదిలింది, కాసేపటికి రెండోది విడివడింది. కొస చీలిన రెండు లేత ఆకులు, ఒక్కొక్కటి గోరంత. మేస్త్రి కళ్లు చెమర్చాయి. ఆయన అది భూతద్దం వల్ల అని చెప్పాడు, భూతద్దం అప్పటికే సంచిలో ఉంది.

ఆ తర్వాత వీరుడు వీరుడి లక్షణం పోనివ్వలేదు. గొంతు సవరించుకొని, మాట మాటే గదా, రెండాకులూ విప్పుకొన్నాయి గదా, కనుక కిటికీ తనదే గదా అని మెల్లగా విజ్ఞాపన చేసుకొన్నాడు.

“విప్పిందెవరు?” అందావిడ.

మేస్త్రి సాక్ష్యం కోసం బావమరిది వైపు చూశాడు. బావమరిది చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, “ఆస్పత్రికి తీసుకొచ్చినంత మాత్రాన పేషెంటు నావాడైపోతాడా బావా” అని గ్లాసుతో సహా మెట్లెక్కి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికల్లా గుడ్ల అట్టలు చెత్తబుట్టలోకి పోయాయి. భార్యాభర్తలిద్దరూ చెరో పక్కా పట్టి మిషనును వెనకగదిలోంచి తెచ్చి కిటికీ ముందు దింపారు. అప్పుడావిడ టేపు తీసి, గుడ్డ తిప్పుకోవడానికి తనకెంత చోటు కావాలో కొలుచుకొని, కిటికీ పలక మూల మిగిలిన చోట సుద్దముక్కతో ఒక గీత గీసింది. గీతకు అవతల గ్లాసు పెట్టుకోమంది.

కావున లోకులారా, చెవులు రిక్కించి వినండి. పుష్పసేన సమూలంగా మునిగి, ఓషధిసేన చీకటిలో అంతరించి, లతాసేనలో ఒక్కడు తప్ప అందరూ ఆకురాతి వాత పడ్డ ఆ మహాసంగ్రామానంతరం, కుంచికాశిల్పచక్రవర్తి, సహస్రకవాటవిజేత, ఆ తాళాల మేస్త్రి, నాలుగు వేళ్ల వెడల్పు గల కిటికీ మూలకు ఏకచ్ఛత్రాధిపతి అయ్యాడు. ప్రజలు ఒక్కరు. ఆ ప్రజకు ఆకులు రెండు. దుప్పట్లు, తెరలు కుట్టే రోజుల్లో ఆ రాజ్యం కూడా ఖాళీ చేయాలన్న షరతు ఒకటి ఉంది. దాన్ని తానే విధించినంత ఠీవిగా ఒప్పుకొన్నాడు. జయం, దిగ్విజయం, ఇంకేం కావాలి.

మర్నాడు పొద్దుటి వెలుతురు ఉండగానే పూర్తిచేయాలని ఆవిడ నేవీబ్లూ ప్యాంటును నేవీబ్లూ దారంతో కుడుతోంది. విజేత కిటికీలోకి తల వంచి, చేతులు వెనక్కి కట్టుకొని, తన సామ్రాజ్యాన్ని కన్నార్పకుండా తిలకిస్తున్నాడు. ఆయన నీడ గ్లాసును కప్పి గది సగం వరకూ పడింది. మిషను ఆగింది.

“కాస్త పక్కకి జరగండి. వెలుతురుకి అడ్డొస్తున్నారు.”

“నువ్వు కుట్టుకునే వైపు పడట్లేదు కదా నీడ.”

“నాక్కాదు, దానికి.”

చక్రవర్తి పక్కకి జరిగాడు.