ఐలేశం కుడిచెవి దిగ్విజయం

దగ్గూ, నీకు జయం! కంఠకుహరనివాసినీ, ధూళిపుత్రీ, పెద్దమనుషుల ముందు సమయం చూసి బయటపడే మహాతల్లీ, ఈ కథకు ముందుగా నిన్నే తలుచుకుంటున్నాను. మిగతా దేవతలను తలుచుకుందామంటే వాళ్లెవరికీ బీమా కంపెనీతో పరిచయం లేదు.

నిజాం సిక్కా చెల్లకుండా పోయి, నయాపైసలు సంతల్లో కొత్తగా తళతళలాడుతున్న కాలంలో, కర్ణాటక సరిహద్దుకు కూతవేటు దూరంలో, మబ్బు కోసం మెడలెత్తి అలసిపోయిన మక్తల్ మెట్టచేల నడుమ, మేషయూథనాయకుడు, కృష్ణకంబళధారి, చండమార్తాండతాపసహుడు అయిన ఐలేశం అనే కురుమ వీరుడు ఉండేవాడు. అతని ఆయుధం చేతికర్ర. కవచం తాను నేసుకున్న నల్ల గొంగడి. గొర్రెల వెంట నలభై ఏళ్లు దుమ్ము మింగి సంపాదించిన ఆస్తి ఒక దగ్గు.

ఈ వీరుడికి ఒక్కతే అక్క, పేరు బక్కమ్మ. తల్లి పోయిన ఇంట్లో అతన్ని చంకనేసుకుని పెంచింది ఆమె. తర్వాత పెనిమిటి వెంట రంగూను వెళ్లి, అక్కడి బియ్యపు మిల్లుల్లో చెరిగి చెరిగి ముసలిదైంది. ఆ ఎండాకాలం రంగూను నుంచి వచ్చిన ఒక కూలీ ఆమె మాట మోసుకొచ్చాడు. కళ్లు పూర్తిగా పోయాయట. తమ్ముడొస్తే చేత్తో తడిమి చూసుకుంటానందట. ఆ మాట విన్న పూట ఐలేశం అన్నం ముట్టలేదు. మర్నాడే ప్రయాణం కట్టాడు.

పూర్వకాలంలో సముద్రం దాటడానికి గుండె ధైర్యం ఉంటే సరిపోయేది. ఇప్పుడు ఓడవాళ్లకు ఆ గుండెకు బీమా కాగితం కూడా కావాలి. చుట్టపుచూపుగా పోయిన ముసలివాడు పరాయిదేశంలో మంచాన పడితే మందుల ఖర్చు ఎవడు పెట్టుకుంటాడని వాళ్ల ప్రశ్న. కాగితం లేనివాణ్ని ఓడమెట్టు ఎక్కనిచ్చేది లేదన్నారు.

ఆ కాగితమిచ్చే కంపెనీ దయాగుణాన్ని ఏమని వర్ణించను! జబ్బంటే ఏమిటో తెలియనివాడి వైద్యానికి అది రొమ్ము విరుచుకుని హామీ ఇస్తుంది. జబ్బు తెలిసినవాడు కనబడితే తలుపేసుకుంటుంది. కడుపు నిండినవాణ్ని మాత్రమే విందుకు పిలిచే ఇలాంటి మహాదాతలు భూమ్మీద ఉండబట్టే వర్షాలు ఇలా ఏడుస్తున్నాయి.

పాలమూరులో ఆ కంపెనీ జెండా మోసే యోధుడు అమరేందర్. ఇస్త్రీపరిరక్షకుడు, తాంబూలరక్తాధరుడు, ఎదుటివాడి చావు గురించి చిరునవ్వుతో ఆరా తీయగల ధీరోదాత్తుడు. పాలసీ కుదిరితే తన కమీషను తనకు ముడుతుంది గనక ఐలేశానికి యుద్ధరహస్యం ముందే ఉపదేశించాడు. పాత జబ్బు ఏ అంగంలో బయటపడితే ఆ అంగానికి కంపెనీ పూచీ ఉండదు. ఒంట్లో ఒక్క అంగమైనా మిగలకపోతే కాగితమే లేదు. అందువల్ల కంపెనీ డాక్టరు ముందు దగ్గకూడదు.

భార్య ఉప్పలమ్మ ఆ ఉపదేశాన్ని తన భాషలోకి మార్చి, పాలమూరులో బస్సు దిగినప్పటి నుంచి అదే పాఠం చెప్పింది. "దగ్గొస్తే బొండిగలనే మింగు. బయటికొచ్చినంక ఎంతన్న దగ్గు, నేనేమనను," అంది.

ఇక యుద్ధం. అమరేందర్ కచేరీలో, గోడగడియారం సాక్షిగా, డాక్టరు తన గొట్టాన్ని ఐలేశం అంగీ మీద ఆనించి, గట్టిగా ఊపిరి పీల్చమన్నాడు. పీల్చాడో లేదో, ఆ కాసరాక్షసి నాభిమూలం నుంచి లేచి, పక్కటెముకల కోటగోడలు దాటి, రొమ్ములో నగారా మోగించి, కంఠద్వారం దగ్గరికొచ్చి తలుపు బాదగా, మన వీరుడు పెదవులు బిగించి, కాలివేళ్లతో నేలను పట్టుకుని, ముఖం మోదుగుపువ్వు రంగుకు తిరిగినా, కళ్ల వెంట ధారలు కారినా చలించక, దాన్ని గుటక గుటకగా తిరిగి పాతాళానికి పంపాడు. కన్నీళ్లెందుకని డాక్టరు అడిగాడు. అక్క యాదికొచ్చిందన్నాడు ఐలేశం. అందులో అబద్ధం కొంచెమే.

ఊపిరి బాగానే ఉందన్నాడు డాక్టరు. అమరేందర్ ముఖం విచ్చుకుంది. అంతలో డాక్టరు అంగీ, తలపాగా విప్పమన్నాడు.

విప్పగానే కనిపించాయి వాతలు. రొమ్ము మీద, కడుపు మీద, ముంజేతుల మీద, వీపున, మోకాళ్ల మీద, కణతల మీద, ఎడమచెవి వెనక. ఆ మెట్టప్రాంతంలో ఒంట్లో రోగం దూరితే కొడవలి మొన ఎర్రగా కాల్చి అక్కడ అంటిస్తారు. కాల్చిన చోటు నుంచి రోగం పారిపోతుందని, మళ్లీ ఆ దారి తొక్కదని నమ్మకం. వాత అంటే వాళ్ల లెక్కలో రోగం లేదనడానికి రుజువు. డాక్టరు లెక్కలో ఉందనడానికి రుజువు. పాపం, ఈ తేడా ఐలేశానికి ఎవరూ చెప్పలేదు.

ఇవేమిటని డాక్టరు అడగ్గానే, దగ్గును గెలిచిన ఉత్సాహంతో వీరుడు రొమ్ము ముందుకు చాచాడు.

"గివి రోగాలు పోయిన గుర్తులు సారు. గిది దమ్ముకు పెట్టింది. గివి కామెర్లకు, గిది కడుపుల బల్లకు, గివి కీళ్లకు. అన్ని మా అక్క పెట్టినయే. పెట్టి, నాకంటె ఎక్కువ తనే ఏడ్చింది. గందుకే నా ఒంట్ల ఇప్పుడు ఏ రోగం లేదు."

అమరేందర్ సైగ చేశాడు, కన్ను గీటాడు, చివరికి ఉండబట్టలేక తనే దగ్గాడు. అప్పటికే డాక్టరు కలం కదులుతోంది. కాసేపటికి అమరేందర్ ఆ రాతను గద్గదస్వరంతో చదివి వినిపించాడు.

"వక్షఃస్థలము, తదంతర్గత శ్వాసకోశములు, ఉదరము, యకృత్తు, ప్లీహము, వెన్నెముక, సమస్త కీళ్లు, కరచరణములు, ముఖము, వామకర్ణము, వీటియందు జనించు ఏ వ్యాధికిని కంపెనీ బాధ్యత వహించదు."

వామకర్ణమనగానే డాక్టరు చూపు కుడిచెవి మీదికి పోయింది. అక్కడ వాత లేదు. ఈ చెవికి ఎప్పుడైనా ఏమైనా వచ్చిందా అని అడిగాడు. ఐలేశం ఆ చెవిని తడుముకున్నాడు.

వచ్చింది. పసితనంలో ఆ చెవిలో పోటు పుట్టి ఊరంతా వినబడేలా ఏడ్చాడు. బక్కమ్మ కొడవలి కాల్చింది, చెవి దాకా తెచ్చి ఆగిపోయింది. కొడవలి నీళ్లకుండలో పడేసి, తమ్ముణ్ని ఒళ్లో వేసుకుని, పోటు తగ్గేదాకా చెవిలో ఊదుతూ కూర్చుంది. అతని ఒళ్లంతటిలో ఆమె కాల్చలేకపోయిన చోటు అదొక్కటే.

ఈ సంగతి చెప్పడానికి అతని నోరు తెరుచుకుంది. ఉప్పలమ్మ అతని కాలు తొక్కింది.

"ఏం రాలే సారు," అన్నాడు ఐలేశం. పుట్టి బుద్ధెరిగిన తర్వాత అతడాడిన మొదటి నిండు అబద్ధం అది.

ముద్ర పడింది. దక్షిణకర్ణమునకు మాత్రమే కంపెనీ పూర్తి పూచీ వహించింది. ఓడవాళ్లు అడిగేది కాగితం ఉందా అనే గనక, అందులో ఏముందో చదివే తీరిక వాళ్లకు లేదు గనక, రంగూను దారి తెరుచుకుంది.

గడప దాటగానే వీరుడు చెరలో ఉన్న దగ్గును విడిచిపెట్టాడు. వీధి కుక్కలు లేచి నిలబడ్డాయి, జట్కా గుర్రం చెవులు రిక్కించింది, కచేరీ కిటికీ రెక్క ఎవరో లోపలి నుంచి మూసేశారు. దగ్గు తెరిపిచ్చాక ఉప్పలమ్మ దిగులుగా, ఇంత తిప్పలపడి ఒక్క చెవేనా దక్కిందని అడిగింది.

ఐలేశం గొంగడి భుజాన వేసుకున్నాడు. "గీ చెవొక్కటి కంపెనీది. మిగిలిందంత మా అక్కది. కండ్లు లేకున్నా, తాను పెట్టిన వాతలు తడిమితే నేనేనని ఎరుకపడ్తది," అన్నాడు.

ఇది విన్నవారికీ చదివినవారికీ తెలియవలసింది ఏమంటే, ఆ సంవత్సరం మహాసముద్రాల మీద సకల భద్రతలతో ప్రయాణించిన కుడిచెవి మక్తల్ తాలూకా మొత్తంలో ఒక్కటే. మిగతా ఐలేశం ఆ చెవి వెంట ఊరికే పోయాడు.