ఏ సేవా జరగని ఇల్లు

వికారాబాద్ స్టేషన్ రోడ్డులోని తమ ఇంట్లో గడిచిన ఆరేండ్లలో ఏ విధమైన ప్రజాసేవా జరగలేదని పార్టీ జిల్లా ఇన్‌చార్జి మల్లేశ్వరన్న సోమవారం పొద్దున ప్రెస్‌మీట్ పెట్టి మరీ ప్రకటించారు. జరిగిందని ఎవరైనా రుజువు చేస్తే రాజకీయాల్లోంచి తప్పుకుంటానన్నారు.

ఆయన వెనక గోడకు "ప్రజా సేవా కేంద్రం, 24 గంటలు" అన్న బోర్డు ఇంకా అట్లాగే ఉంది. స్టూలెక్కి దాని మీద దుప్పటి కప్పుతున్న సింధుజకు ఆ మాట విని కాలు జారినంత పనైంది. ఆ కేంద్రంలో కంప్యూటర్ ఆపరేటర్ తనే. రోజూ బంట్వారం నుంచి మొదటి బస్సుకు వచ్చి, ఆరేండ్లలో రెండు వేల మూడు వందల పద్దెనిమిది మందికి పింఛన్ దరఖాస్తులు, కులం సర్టిఫికెట్ల ఫారాలు నింపిచ్చింది. పేరుపేరునా రిజిస్టర్‌లో ఎక్కించింది. ఇప్పుడు తాండూరులో ఆపరేటర్ పోస్టు ఒకటి పడింది. మూడేండ్ల అనుభవ పత్రం కావాలన్నారు. దాని మీద మల్లేశ్వరన్న సంతకం కావాలి. ఆఖరు తేదీ శుక్రవారం.

సంగతేమిటంటే, అన్న ఆ ఇంటిని రెండు కోట్లకు అమ్మారు. ఎప్పుడో ఇరవై లక్షలకు కొన్నది. ఇల్లమ్మిన లాభంతో ఇంకో ఇల్లు కొంటే పన్ను పడదని విని తాండూరులో బేరం కూడా కుదుర్చుకున్నారు. ఆడిటర్ అజహరుద్దీన్ వచ్చి కాగితాలు చూసి తల పట్టుకున్నాడు.

"పన్ను పడదన్నా. కానీ అమ్మింది కాపురమున్న ఇల్లయి ఉండాలె. మీరేమో ఇంటిపన్ను కట్టొద్దని మున్సిపల్ కాగితాల్ల సేవా కేంద్రమని రాయించిండ్రు. ఆఫీసని తేలితే ఇరవై రెండున్నర లక్షలు కట్టాలె."

"మరేం జేద్దాం?"

"అక్కడ సేవ జరగలేదని సాక్ష్యం తేవాలె."

అన్న మీసం దువ్వారు. ఆయన రాజకీయ జీవితంలో ఇంత తేలికైన పని ఎన్నడూ ఎదురుపడలేదు.

మంగళవారం ఆటోకు మైకు కట్టి తిప్పారు. అన్న దగ్గరికొచ్చి పని కానోళ్లందరూ ఆధార్ కార్డు పట్టుకొని రావాలని పిలుపు. మధ్యాహ్నానికి లైను రైల్వే గేటు దాకా పోయింది. వాంగ్మూలాలు టైపు చేసే పని సింధుజదే.

మోటార్ మెకానిక్ నిసార్ ముందుకొచ్చాడు. "తొమ్మిది సార్లొచ్చిన. ఎన్నడొచ్చినా అన్న పండుకున్నడనే చెప్పిండ్రు."

"శభాష్. పన్నెండు సార్లని రాయి చెల్లె," అన్నారు అన్న.

"తొమ్మిదే అన్నా. మీ గురించి నేనెందుకు అబద్ధం చెప్త?"

"గురక వినవడ్డదా?" అజహరుద్దీన్ అడిగాడు.

"గేటు దాంక."

"అది రాయమ్మా. కాపురానికి గట్టి సాక్ష్యం."

పొద్దుగూకేసరికి నాలుగు వందల పన్నెండు మంది సంతకాలు పెట్టారు. అన్న కండ్లు తుడుచుకున్నారు. "ఇంత మంది నన్ను యాదుంచుకున్నరని నాకు తెల్వనే తెల్వదు."

"అన్నా, నా అనుభవ పత్రం..." సింధుజ మెల్లగా గుర్తు చేసింది.

"నా జేబులనే ఉన్నది చెల్లె. సంతకమొక్కటే తక్కువ. గురువారం పన్నుల ఆఫీసరమ్మ ఇల్లు చూడనీకి వస్తదంట, ఆమెను వచ్చి పోనీ."

బుధవారం జిరాక్స్ మిషన్ గదిని వంటింటిగా మార్చారు. గోడకు మసి లేకపోతే అనుమానం వస్తుందని అజహరుద్దీన్ హెచ్చరించాడు. దాంతో సింధుజ రిజిస్టర్‌నే చింపి పొయ్యి వెలిగించారు. రెండు వేల మూడు వందల పద్దెనిమిది పేర్ల మంట. పాలు బాగానే పొంగాయి.

గురువారం పన్నుల ఆఫీసరమ్మ వచ్చింది. వాంగ్మూలాలు చదివింది, మసి చూసింది, మంచం చూసింది. ఫైలు మూయబోతుండగా దౌల్తాబాద్ నుంచి బుగ్గమ్మ లోపలికొచ్చింది. గొర్లు కాసుకునే మనిషి. కొంగులో అనపకాయలు మూటగట్టి తెచ్చింది.

"నా పింఛన్ ఈడనే అయింది," అంది.

అజహరుద్దీన్ కుర్చీ వెతుక్కొని కూర్చున్నాడు.

ఆఫీసరమ్మ మళ్లీ పెన్ను తీసింది. "ఎవరు చేయించారమ్మా?"

"గీ బిడ్డ." బుగ్గమ్మ సింధుజను చూపించింది.

"మరి ఈ సారు?"

బుగ్గమ్మ అన్నను కిందికీ పైకీ చూసింది. "ఈయనెవరో నాకెరుక లేదు."

"సల్లగుండు అవ్వా," అని అన్న రెండు చేతులా దండం పెట్టారు.

"అయితే ఈ అమ్మాయెవరు?"

"మా వంటమనిషి మేడం."

ఆఫీసరమ్మ సింధుజ వైపు తిరిగింది. "అవునా అమ్మా?"

సింధుజ అన్న చొక్కా జేబు వైపు చూసింది. మడిచిన కాగితం అంచు బయటికి కనబడుతోంది.

"నేను బీకాం మేడం," అంది.

"మా ఇంట్ల వంటమనిషి గూడ డిగ్రీనే," అన్నారు అన్న గర్వంగా.

"ఇవాళ ఏం వండావు?"

"ఏం వండలే మేడం."

"ఏకాదశి," అన్నారు అన్న.

ఆఫీసరమ్మ అది కూడా రాసుకుంది. "ఆఖరి ప్రశ్న. ఆరేండ్లు ఈ ఇంట్లో మీరేం చేశారు?"

"ఏం జేయలే మేడం. రాసుకోండ్రి."

ఆఫీసరమ్మ రాసుకొని ఫైలు మూసింది. బయట నిలబడ్డ జనం చప్పట్లు కొట్టారు. అన్న సాక్ష్యాధారాలతో మాట్లాడటం వాళ్లు చూడటం అదే మొదలు.

సాయంత్రం అన్న మాట నిలబెట్టుకున్నారు. జేబులోని పత్రం చింపేసి, కొత్తది రాయించి, సంతకం పెట్టి ఇచ్చారు. "సింధుజ మా ఇంట్లో ఆరేండ్లు వంట చేసింది. ప్రవర్తన ఉత్తమం."

"అన్నా, ఇదేంది?"

"మేడం ముంగట ఒకటి చెప్పి, కాగితం మీద ఇంకోటి రాస్తే మోసమైతది చెల్లె. నీకేం ఫికర్ వద్దు. పన్ను పడొద్దంటే తాండూరు ఇల్లు మూడేండ్లు అమ్మొద్దంట. అప్పటిదాంక నీ వంటపని ఏడికి పోదు."

శుక్రవారం గడిచిపోయింది.

తాండూరు ఇంటికి ఏ బోర్డూ కట్టలేదు. అయినా రెండో వారం నుంచే పెరటి గుమ్మం దగ్గర జనం చేరసాగారు. బషీరాబాద్ నుంచి షేర్ ఆటోల్లో కొందరు, నడిచి కొందరు. వంటింట్లో నాపరాయి గట్టు మీద సింధుజ పాత ల్యాప్‌టాప్ పెట్టుకుంది. కిటికీలోంచి కాగితాలు తీసుకుంటోంది. పక్క పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది.

పదకొండు గంటలకు అన్న నిద్ర లేచి, లుంగీ సర్దుకుంటూ వంటింటి గడప దాకా వచ్చారు.

"ఏం వండుతున్నవ్ చెల్లె?"

"వితంతు పింఛన్లన్నా."

అన్న ఆవులించారు.

"ఉప్పు జర తక్కువెయ్యి. బీపీ ఉన్నది," అని మళ్లీ వెళ్లి పడుకున్నారు.