ఇంటికొక సంవత్సరం

విర్లింగెన్‌లో ఇల్లు అద్దెకు తీసుకునేవాళ్ళు ఇంటితోపాటు ఆ ఊరి చరిత్రలోంచి ఒక సంవత్సరాన్ని కూడా తీసుకోవాలి. తాళంచెవులు, చెత్త ఏ రోజు ఎత్తుతారో చెప్పే కాగితం, సంవత్సరం, మూడూ ఒకే కవరులో పెట్టి ఇస్తారు. సంతకం ఒక్కటే.

దీనికి కారణం ఆ ఊరి నేల. జర్మనీ నడిమధ్యలో ఆల్స్ నది మూడు పక్కలా చుట్టుకున్న చిన్న ఊరు అది. నాలుగో పక్క సున్నపురాయి కొండ. ఊరి కిందంతా ఉప్పు. ఆరు వందల ఏళ్ళు ఆ ఉప్పు తవ్వి అమ్మిన డబ్బుతోనే గడియార స్తంభాలూ చెక్కడపు గుమ్మాలూ కట్టుకున్నారు. చివరికి నేల గుల్లయింది. రెండో ప్రపంచయుద్ధం అయిన పదేళ్ళకు, ఊరి పాత దస్తావేజులన్నీ ఉన్న భవనం ఒక పక్కకు కుంగడం మొదలుపెట్టింది. ఇంజనీర్లు వచ్చి చూసి, కాగితాల బరువు ఏపాటిదీ కాదనీ, కుంగదీస్తున్నది చరిత్రేననీ తేల్చారు. ఒకేచోట పోగేస్తే నేల ఆగదు, ఊరంతా సమానంగా పంచెయ్యమన్నారు. మనవాళ్ళు తిలాపాపం తలా పిడికెడు అంటారు. విర్లింగెన్‌వాళ్ళు ఆ మాటనే కొలతలతో సహా నివేదికగా రాయించుకుని ఏకగ్రీవంగా ఆమోదించారు.

ఊరికి ఎనిమిది వందల డెబ్బై రెండేళ్ళు, ఇళ్ళూ అన్నే. ప్రతి డిసెంబరు చివర ఒక ఏడాది చరిత్రలో కలుస్తుంది కాబట్టి, దానికోసం కొండవాలులో ఒక కొత్త ఇంటికి అనుమతి ఇస్తారు. ఇంట్లో చేరిన సంవత్సరం తన తేదీల ప్రకారం తన పని తాను చేసుకుపోతుంది. మేయరుగారింట్లో 1471 ఉంది. ఆ ఏడు ఊళ్ళో ఒక ఆవు తప్పిపోయి సాయంత్రానికి దొరికింది, అంతకుమించి ఏమీ జరగలేదు. ఏటా అక్టోబరులో ఆయన ఒకపూట సెలవు పెట్టి ఇంట్లో ఆవును వెతుక్కుంటాడు. రొట్టెల దుకాణం నడిపే ఓస్టర్‌టాగ్ గారిది 1816, ఎండాకాలమే రాని ఏడు. ఆవిడ జులైలో కూడా వంటింట్లోంచి మంచు ఎత్తిపోసుకుంటుంది. బడిపంతులు ఇంట్లోకి 1634 నాటి సిపాయిలు ఏడాదికి రెండుసార్లు చొరబడి కోళ్ళు పట్టుకుపోతారు. ఆయన ఊరికే కేకలేస్తాడు, తర్వాత సంతకు వెళ్ళి కోళ్ళు కొనుక్కుంటాడు.

1933 నుంచి 1945 దాకా పదమూడు ఏళ్ళూ స్టేషను వీధిలో వరసగా ఉన్నాయి. ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకు ఆ ఏళ్ళ గురించి చాలా బాధ. అది నటన కాదు, వాళ్ళు నిజంగానే మంచివాళ్ళు. అయితే బాధ ఎక్కువైతే బరువూ ఎక్కువవుతుంది గనుక, ఆ ఏళ్ళను బయటినుంచి వచ్చినవాళ్ళకు కేటాయించడమే శాస్త్రీయమని కౌన్సిలు తీర్మానించింది. 1938 సిరియా నుంచి వచ్చి సెలూన్ పెట్టుకున్నతని దగ్గరుంది. 1941 ఫిలిప్పీన్స్ వంటమనిషి దగ్గరుంది. 1942 ఇంట్లో ఆ తీర్మానానికి ముందునుంచీ ఉన్న ముసలావిడ పోయి పద్నాలుగు నెలలైంది. ఖాళీ ఇంటి కింద నేల మూడు సెంటీమీటర్లు దిగిపోయి, వీధిలో సగం తలుపులు సరిగా పడటం మానేశాయి.

సరిగ్గా అప్పుడే ఇల్లెందు నుంచి సలోమి వచ్చింది. ఆమె నర్సు. ఊరి వృద్ధాశ్రమంలో ఉద్యోగం దొరికింది. భర్త పోయి మూడేళ్ళైంది. ఆరేళ్ళ కూతురు హెప్సీ అమ్మమ్మ దగ్గర ఉంది. పిల్లను తెచ్చుకోవాలంటే చిరునామా కావాలి, చిరునామా కావాలంటే సంవత్సరం కావాలి, ఆ సంవత్సరం తన చేతిలో ఏ మార్పూ లేకుండా గడిచిందని మునిసిపాలిటీ ధ్రువపత్రం ఇవ్వాలి. నేల కుంగడం ఆమెకు వింత కాదు. వాళ్ళది బొగ్గు బావుల ఊరు. తాతల పల్లె మొత్తం గనిలో కలిసిపోయింది. ఇక్కడ ముందే చెప్పి సంతకం పెట్టించుకుంటున్నారు, అదే నయమనుకుంది.

“ఇంకేదైనా సంవత్సరం లేదా సార్?” అని అడిగింది, మునిసిపాలిటీలో సంవత్సరాల విభాగం చూసే బ్రింక్‌మాన్‌ని.

“ఏమీ జరగని ఏళ్ళు ఎప్పుడో అయిపోయాయండీ,” అన్నాడాయన. “ప్లేగు ఏడాది ఒకటుంది గానీ, పసిపిల్ల వస్తుందంటున్నారు, మీకొద్దు. ఇది నెమ్మదైన సంవత్సరం. మూడు వందల అరవై నాలుగు రోజులు ఇంట్లో క్యాబేజీ ఉడికిన వాసన తప్ప ఏమీ ఉండదు. ఏప్రిల్ ఇరవై నాలుగు పొద్దున మాత్రం వీధి తలుపు తీసి పట్టుకోవాలి.”

“ఎవరికోసం?”

“పదకొండు మంది ఉంటారు. మన ఊరి యూదులు. ముందురోజు ఆ ఇంటి వెనకగదిలోనే పేర్లు సరిచూశారు. తలా ఒక పెట్టెతో బయటికి వచ్చి స్టేషనుకు నడిచి వెళ్తారు. తిరిగి రారు.” ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఒక్క నిబంధన ఉంది. నాలుగోది. ఆనాడు ఇవ్వనిది ఈనాడు ఇవ్వరాదు. బరువు మారిపోతుంది.”

ముందున్న ముసలావిడ ఒక ఏడు మనసు ఆపుకోలేక వాళ్ళలో ఒక పాపకు నారింజపండు ఇచ్చిందట. మర్నాటికి చర్చి గోపురం నాలుగు వేళ్ళ మేర వంగింది. ఇప్పటికీ అలాగే ఉంది. యాత్రికులు వచ్చి దాన్ని చేత్తో పట్టుకున్నట్టు ఫొటోలు దిగుతారు. ఊరి కరపత్రంలో మాత్రం ఉప్పునేల వల్ల అని ఉంటుంది. ఆవిడకు ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ధ్రువపత్రం రాలేదు. స్థానికురాలు కాబట్టి నడిచిపోయింది. సలోమికి నడవదు. ఆమె సంతకం పెట్టింది.

చలికాలం మామూలుగానే గడిచింది. క్యాబేజీ వాసనకు అలవాటుపడింది. ఏప్రిల్ ఇరవై నాలుగు పొద్దున ఏడింటికి బ్రింక్‌మాన్ వచ్చాడు. బూట్లు గుమ్మంలో విప్పి, వంటింటి కుర్చీలో కూచుని, ఒళ్ళో ఫారం పెట్టుకున్నాడు. ఎదుటి పేవ్‌మెంటు మీద ఊరివాళ్ళు తెల్లపూలు పట్టుకుని నిలబడ్డారు. ఏటా వాళ్ళు అలా నిలబడతారు. ఓస్టర్‌టాగ్ గారు అప్పటికే ఏడుస్తోంది.

ఏడుంపావుకు వెనకగది తలుపు తెరుచుకుంది. సలోమి వీధి తలుపు పట్టుకుంది. మొదట ఊళ్ళో సగంమందికి పురుడు పోసిన డాక్టరు వచ్చాడు, టోపీ సర్దుకుంటూ. వెనక గుండీల దుకాణం అక్కచెల్లెళ్ళు. ఆ వెనక ఒకరి తర్వాత ఒకరు, తోసుకోకుండా, ఆసుపత్రిలో వరసలో ఉన్నట్టు వచ్చారు. సలోమి లెక్కపెడుతూనే ఉంది. పదోమనిషి ఒక పడుచుతల్లి, పదకొండోది ఆమె చెయ్యి పట్టుకున్న ఆరేళ్ళ పాప. గుమ్మం దగ్గర ఆ తల్లి ఆగింది.

“పాపకు కాసిని మంచినీళ్ళు ఇస్తారా?” అంది.

నీళ్ళ జగ్గు బల్లమీదే ఉంది, చెయ్యి చాపితే అందేంత దూరంలో. సలోమి బ్రింక్‌మాన్ వైపు చూసింది. ఆయన ఫారంకేసి చూసుకుంటున్నాడు. సలోమి పదేళ్ళుగా రోగులకు నీళ్ళు పట్టిన మనిషి. ఎదుట ఉన్న పిల్ల ఎత్తు సరిగ్గా హెప్సీ ఎత్తే. “స్టేషన్‌లో దొరుకుతాయమ్మా,” అంది.

తల్లి తలూపి పాపతో పాటు మెట్లు దిగింది. పూలు పట్టుకున్నవాళ్ళు పక్కకు జరిగి దారిచ్చారు.

బ్రింక్‌మాన్ పాత రికార్డు తెరిచి వేలుపెట్టి చదివాడు. ఆయన ముఖంలో ఆశ్చర్యం కనిపించింది. “ఆనాటి ఇంటావిడ కూడా సరిగ్గా ఇదే మాట అంది. ఈ కాగితం మేమెవరికీ చూపించం. మీకెవరు చెప్పారండీ?”

“ఎవరూ చెప్పలేదు సార్,” అంది సలోమి.

ఆయన ‘మార్పు లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టి, ఆమె భుజం తట్టాడు. ఓస్టర్‌టాగ్ గారు ఆపిల్ కేకు తెచ్చి ఇచ్చింది. మధ్యాహ్నం ఇంటికి ఫోను చేసి తల్లి మార్తమ్మకు జరిగిందంతా చెప్పింది.

“గుక్కెడు నీళ్ళన్న పొయ్యకపోతివా బిడ్డా,” అంది మార్తమ్మ. “దారిన పొయ్యే కుక్కకన్న పోస్తం గదనే.”

“పోస్తే హెప్సీ రాదమ్మా.”

“అట్లనా,” అంది మార్తమ్మ. “సరే మరి. పిల్లకు పాస్‌పోర్టు ఫొటోలు దింపిచ్చిన. చెవులు కనవడాలన్నరంట, జడలు ఎన్కకు కట్టిన.”

ధ్రువపత్రం మేలో వచ్చింది, పిల్ల ఆగస్టులో వచ్చింది. విమానాశ్రయంలో కూతుర్ని ఎత్తుకున్నప్పుడు సలోమి కడుపు నిండిపోయింది. ఎవరేమన్నా ఆ సంతోషం నిజమైనదే. స్టేషను వీధిలో తలుపులన్నీ మళ్ళీ సరిగా పడుతున్నాయి. అందుకు కౌన్సిలు వాళ్ళు కృతజ్ఞతగా ఒక పూలకుండీ పంపారు. హెప్సీ మూడు నెలల్లో జర్మన్ పట్టేసింది. బడిలో ఊరి భూగోళం పాఠం బాగా అర్థమైంది. ఉప్పుపొర, దానిమీద ఇళ్ళు, ఇంటి మీంచి కిందికి బరువు చూపించే బాణాలు, అన్నీ రంగు పెన్సిళ్ళతో వేసి తెచ్చింది. పంతులుగారు నక్షత్రం అంటించారు.

మళ్ళీ ఏప్రిల్ వచ్చింది. గుమ్మం దగ్గర ఆ తల్లి ఆగి నీళ్ళడగగానే హెప్సీ జగ్గు దగ్గరకు పరుగెత్తింది. సలోమి పిల్ల రెక్క పట్టుకుంది.

“ఆ పాపకు దూపైతుందంటమ్మా. నేనిస్త.”

“వద్దు బిడ్డా.”

“ఎందుకు?”

“నేల కుంగుతది.”

హెప్సీ కాళ్ళకింది పలకలకేసి చూసింది. ఆ తర్వాత ఆ తల్లీ పాపా వీధి మలుపు తిరిగిపోయేదాకా కిటికీ దగ్గరే ఉంది. ఆ రాత్రి అన్నం తినలేదు. ఎందుకని ఇంకో నాలుగుసార్లు అడిగింది. సలోమి నాలుగుసార్లూ అదే జవాబు చెప్పింది, నాలుగోసారి చెప్పడం కొంచెం తేలికైంది.

మూడో ఏడు హెప్సీ ఏమీ అడగలేదు. అందరికంటే ముందు లేచి, జగ్గు తీసి అలమరలో పెట్టి తలుపు వేసింది. బ్రింక్‌మాన్‌కు కుర్చీ జరిపింది. వీధి తలుపు బరువైనది కాబట్టి రెండు చేతులతో తనే పట్టుకుంది. ఆ పాప ఈసారి హెప్సీ భుజం దాకానే వచ్చింది. తల్లి నీళ్ళడిగింది. హెప్సీ వాళ్ళవైపు చూడకుండా, వీధివైపు చూస్తూ, పాప రెండో కాలు కూడా గడప దాటేదాకా ఓపిగ్గా ఆగి, చప్పుడు కాకుండా తలుపు వేసింది.